చేతులు పెరిగితే చిక్కులూ పెరుగుతాయి

పెళ్ళివంట ఆలస్యమవుతుంటే మరో ఇద్దరు వంటవాళ్ళను పిలిపిస్తాం. వేళకు విస్తళ్ళు పడతాయి. కంప్యూటరు ప్రోగ్రాముల దగ్గర మాత్రం యీ ఉపాయం పారదు. ఇరవైయేళ్ళుగా యీ వృత్తిలో వున్న నన్ను మా వీధిలో పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే: "ఇంతమంది రాత్రింబవళ్ళు కూర్చుంటారు గదా, మీ పని వేళకెందుకు తెమలదు నాయనా?"

దీనికి జవాబు అమెరికాలో ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే ఆయన స్వయంగా అనుభవించి చెప్పాడు. ఐ.బి.ఎం. కంపెనీ 1964లో సిస్టమ్ 360 అనే కంప్యూటర్లను ప్రకటించింది. వాటిని నడిపే ప్రోగ్రాము భారం ఆయన నెత్తిన పడింది. ఒక దశలో వెయ్యిమందికి పైగా పనిచేశారు. అయినా ఆలస్యమే! ఆలస్యమైన పనిలోకి కొత్తవాళ్ళను దింపితే అది మరింత ఆలస్యమవుతుందని ఆయన 1975లో పుస్తకమే రాశాడు. వచ్చినవాళ్ళకు పాఠం చెప్పడానికి వున్నవాళ్ళు పని మానుకోవాలి. పైగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన జతలు పదిమందికి 45 అయితే, యాభైమందికి 1,225! ఇక పొద్దెక్కడ చాలుతుంది?

మరి విరుగుడు? డేవిడ్ పార్నాస్ అనే శాస్త్రజ్ఞుడు 1972లో ఒక దారి చూపాడు. ప్రోగ్రామును భాగాలు చేసి, ఏ భాగం గుట్టు ఆ భాగంలోనే దాచమన్నాడు. మనం ఉత్తరం ఎర్రడబ్బాలో వేస్తాం. అది ఏ రైలెక్కిందో మనకనవసరం. రైలు మారినా మన అలవాటు మారనక్కరలేదు. అలాగన్నమాట.

దీనికంటె కష్టమైనది, అక్కరతీరినదాన్ని తీసివేయడం. పాత సామాను అటకెక్కించడం మనకు అలవాటే గదా! యూరపువారి ఏరియాన్ 5 రాకెట్టు 1996 జూన్ 4న మొదటిసారి పైకి లేచింది. దాని దిశ చూసే ప్రోగ్రామును ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నారు. అందులో ఒక లెక్క, రాకెట్టు నేల విడిచాక దీనికి అవసరమే లేదు, అయినా వుంచేశారు. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. 32,767కు మించని గడిలో అంతకంటె పెద్ద అంకె వచ్చి పడింది. ఆ యంత్రం ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండో యంత్రంలోనూ అదే ప్రోగ్రాము, అదీ ఆగింది! నలభై సెకన్లలోపే రాకెట్టు దారితప్పి, నాలుగు ఉపగ్రహాలతో సహా పేలిపోయింది.

ఈమధ్య మా బృందంలో ఒక అమ్మాయి మూడువారాలు కూర్చుని, ఎవరికీ అక్కరలేని ఎనిమిదివందల వరసలు జాగ్రత్తగా ఏరి తీసేసింది. ఎన్ని వరసలు రాసిందని పై అధికారి అడిగాడు. తీసేసిందని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, ఆ గడి ఖాళీగా వదిలేశాడు.