నెట్ లేదు, ఫోన్ లేదు.. మరి జైల్లో పాడ్‌కాస్ట్ ఎలా చేశారు?

పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలి అనుకోగానే మనకొచ్చే డౌట్లు తెలిసినవే. ఏ మైక్ కొనాలి? ఏ యాప్‌లో ఎడిట్ చేయాలి? ఎక్కడ హోస్ట్ చేయాలి? ఇప్పుడు ఈ లిస్టులోంచి ఇంటర్నెట్ తీసేయండి. స్మార్ట్‌ఫోన్ కూడా తీసేయండి. క్లౌడ్ లేదు, వాట్సాప్ లేదు, ఎడిటింగ్‌లో ఎక్కడైనా ఇరుక్కుంటే యూట్యూబ్‌లో ట్యుటోరియల్ చూసుకునే చాన్స్ లేదు. పైగా స్టూడియోకి ఎప్పుడు రావాలో, ఎప్పుడు వెళ్లాలో చెప్పేది మీరు కాదు, జైలు అధికారులు.

కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలు నుంచి 2017 జూన్‌లో మొదలైన ‘ఇయర్ హజిల్’ సరిగ్గా ఇలాగే తయారైంది. 2020లో పులిట్జర్ బహుమతులకు ఆడియో రిపోర్టింగ్ విభాగాన్ని కొత్తగా చేర్చినప్పుడు, ఆ మొదటి ఏడాదే ఇది ఫైనలిస్ట్‌గా నిలిచింది. దీని వెనకున్న వర్క్‌ఫ్లో ఏంటి, జైలు గోడ దాటడానికి గొంతుకి ఇంకా ఏయే దారులు ఉన్నాయి అనేది ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ఎవరు మొదలుపెట్టారు?

నైజెల్ పూర్ అనే ఫొటోగ్రఫీ ప్రొఫెసర్ 2011లో శాన్ క్వెంటిన్‌లో వాలంటీర్‌గా పాఠాలు చెప్పడానికి వెళ్లారు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న ఎర్లాన్ వుడ్స్, యాంట్వాన్ విలియమ్స్ ఆమెతో కలిసి ఈ షో ప్లాన్ చేశారు. ఎర్లాన్, నైజెల్ హోస్టులు. యాంట్వాన్ సౌండ్ డిజైనర్. 2016లో రేడియోటోపియా అనే పాడ్‌కాస్ట్ నెట్‌వర్క్ కొత్త షోల కోసం పోటీ పెడితే 53 దేశాల నుంచి 1,500కు పైగా ఎంట్రీలు వచ్చాయి. గెలిచింది వీళ్లే.

‘ఇయర్ హజిల్’ అంటే అక్కడి జైలు భాషలో పక్కవాళ్ల మాటలకి చెవొగ్గడం. మొదటి ఎపిసోడ్ పేరు ‘సెల్లీస్’. నాలుగైదు అడుగుల వెడల్పున్న గదిలో ఇంకో మనిషితో ఏళ్ల తరబడి ఎలా సర్దుకుపోవాలి అనేదే టాపిక్. సొంత అన్నదమ్ములు ఒకే గదిలో ఉందామని చూస్తే అది కూడా వర్కౌట్ అవదు. హాస్టల్‌లో రూమ్మేట్ గోల పడినవాళ్లకి వెంటనే కనెక్ట్ అవుతుంది. ఇంకో ఎపిసోడ్‌లో పురుగుల్ని, చిన్న చిన్న జీవుల్ని చేరదీసే ఒక ఖైదీ కథ ఉంటుంది. ఎవరు ఏ నేరం చేశారు అనే దానికంటే ఇక్కడ రోజు ఎలా గడుస్తుంది అనే దాని మీదే షో ఎక్కువగా నడుస్తుంది.

ఇది నిజమైన ఎయిర్-గ్యాప్డ్ సిస్టమ్

మా ఫీల్డ్‌లో బయటి నెట్‌వర్క్‌తో ఏ కనెక్షనూ లేని సిస్టమ్‌ని ‘ఎయిర్-గ్యాప్డ్’ అంటాం. ఈ పాడ్‌కాస్ట్ టీమ్ మొత్తం అలాంటి సిస్టమ్ లోపల పనిచేసింది. జైల్లో ఒక మీడియా ల్యాబ్ ఉంది. రికార్డర్లు, మైకులు, ఎడిటింగ్ కంప్యూటర్లు ఉన్నాయి. బయటకి వెళ్లే కేబుల్ మాత్రం లేదు.

దీనివల్ల ఏమవుతుందో ఆలోచించండి. సాయంత్రం నైజెల్ ఇంటికి వెళ్లిపోయాక, లోపలున్న ఇద్దరికీ ఒక ఐడియా వస్తే ఆమెకి మెసేజ్ పెట్టలేరు. మళ్లీ ఆమె వచ్చేదాకా ఆగాలి. ఒక లైన్ సరిగ్గా రాకపోతే గెస్ట్‌కి కాల్ చేసి వాయిస్ నోట్ అడగడం కుదరదు. జైల్లో ఏదైనా గొడవ జరిగి లాక్‌డౌన్ పెడితే అందరూ సెల్స్‌లోనే ఉండిపోవాలి, ల్యాబ్ మూత. కోడ్ రాసేవాళ్లకి చెప్పాలంటే, గిట్ పుష్ కొట్టడానికి ఒక మనిషి గేటు దాటాలి.

2020లో ఈ ఇబ్బంది ఇంకా ముదిరింది. కోవిడ్ శాన్ క్వెంటిన్‌ని ఘోరంగా దెబ్బతీసింది, 28 మంది ఖైదీలు చనిపోయారు. వాలంటీర్లకి ఎంట్రీ ఆగిపోయింది. అప్పటికే విడుదలైన ఎర్లాన్, నైజెల్ కలిసి బయటి నుంచే షో నడిపించారు.

అయితే ఒక విషయంలో వీళ్లు మనకంటే ముందున్నారు. బయటి జర్నలిస్టు ఎంత ఖరీదైన మైక్ తెచ్చినా, రెండు గంటల ఇంటర్వ్యూలో అంత నమ్మకం సంపాదించలేడు. ఎదుటి మనిషితో రోజూ యార్డులో నడిచేవాడు అడిగితే వచ్చే జవాబే వేరు. ఇది ఏ స్పెక్ షీట్‌లోనూ కనిపించని ఫీచర్.

అప్రూవ్ బటన్ ఎవరి చేతిలో?

టెక్నికల్ సమస్యలన్నీ దాటినా ఎపిసోడ్ నేరుగా మన ఫోన్‌కి రాదు. బయటకి వెళ్లే ప్రతి ఎపిసోడ్‌నీ జైలు అధికారి విని ఓకే చెప్పాలి. చాలా ఏళ్లు ఆ పని చేసింది అప్పటి ప్రజాసంబంధాల అధికారి లెఫ్టినెంట్ శామ్ రాబిన్సన్. ఎపిసోడ్ చివర్లో ఆయన గొంతే వినిపించేది, ఈ ఎపిసోడ్‌ని నేను ఆమోదిస్తున్నానని చెప్తూ.

నాకు ఈ షోలో బాగా నచ్చిన డిజైన్ డెసిషన్ ఇదే. సెన్సార్ ఉంది అనే సంగతిని దాచలేదు, వినేవాళ్లకి వినిపించేశారు. మనం రోజూ వాడే యాప్స్‌లో ఏ పోస్ట్ ఎందుకు కనిపించకుండా పోయిందో, ఎవరు తీసేశారో ఒక్కోసారి తెలియదు. ఇక్కడ గేట్ కీపర్ ఎవరో పేరుతో సహా తెలుసు. అలాగని ఈ సిస్టమ్ పర్ఫెక్ట్ అని కాదు. అధికారి వినే షోలో, అదే అధికారి కింద బతుకుతున్న మనిషి కొన్ని మాటలు ముందే మింగేయొచ్చు. వినేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుండాలి.

ఫోన్ లైన్ రూట్

ఇంకో దారి జైలు ఫోన్. పెన్సిల్వేనియాలో పోలీసు అధికారి హత్య కేసులో శిక్ష పడిన ముమియా అబూ-జమాల్ కామెంటరీలను ‘ప్రిజన్ రేడియో’ అనే సంస్థ 1990ల నుంచి రికార్డ్ చేస్తోంది. 1994లో అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ వాటిని ప్రసారం చేస్తామని చెప్పి, పోలీసు సంఘాల నుంచి తీవ్ర వ్యతిరేకత రావడంతో ఆపేసింది. చనిపోయిన అధికారి కుటుంబానికి ఆ గొంతు రేడియోలో వినడం ఎంత కష్టమో కూడా కాదనలేం. తర్వాత ఆ రాష్ట్ర జైళ్లలో బయటివాళ్లు రికార్డర్లు తీసుకెళ్లడాన్ని నిషేధించారు. ఇక మిగిలింది ఫోనే.

ఫోన్ ఆడియో డబ్బాలోంచి వచ్చినట్టు ఎందుకుంటుంది? పాత ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకానే పంపుతుంది. ‘స’, ‘శ’ లాంటి శబ్దాల్లో పదును ఎక్కువగా దానికి పైనే ఉంటుంది కాబట్టి ఆ భాగం కట్ అయిపోతుంది. దానికి తోడు ఈ కాల్ జైలు నుంచి వస్తోందని ఆటోమేటిక్ మెసేజ్ మధ్యలో దూరుతుంది. క్వాలిటీ పరంగా ఇది శాన్ క్వెంటిన్ ముందు నిలబడదు. కానీ ఇక్కడ ఎపిసోడ్ చివర ఆమోదించే గొంతు ఉండదు.

లోపలివాళ్ల కోసం లోపలి రేడియో

కొన్ని రేడియోలు గోడ దాటాలనే అనుకోవు. లూసియానాలోని అంగోలా జైల్లో ఖైదీలు నడిపే ‘కేఎల్ఎస్‌పీ’ 91.7 ఎఫ్ఎమ్ 1986 నుంచి ఉంది. లైసెన్స్ ఉన్న అసలు సిసలు స్టేషనే, పవర్ 100 వాట్లు. బ్రిటన్‌లో 2009లో మొదలైన ‘నేషనల్ ప్రిజన్ రేడియో’ది ఇంకో తెలివైన పద్ధతి. సెల్‌లో ఎలాగూ టీవీ ఉంటుంది కాబట్టి, అందులోనే ఒక ఆడియో ఛానల్‌గా వస్తుంది. కొత్త రిసీవర్ అక్కర్లేదు.

మన దేశంలో తీహార్ జైల్లో 2013లో, ఆగ్రా జిల్లా జైల్లో 2019లో రేడియో మొదలైంది. 2021లో పానిపట్‌తో మొదలుపెట్టి హర్యానా జైళ్లకి విస్తరించింది. ఖైదీలే ఆర్జేలు, ప్రోగ్రామ్ స్పీకర్ల ద్వారా బ్యారక్‌లకి వెళ్తుంది. కోవిడ్‌లో ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు ఆగ్రాలో ఈ రేడియోనే తోడైంది. మన ఫోన్‌లోని ఎఫ్ఎమ్‌లో మాత్రం ఇవి దొరకవు.

వినాలంటే..

2018 నవంబర్‌లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎర్లాన్ శిక్ష తగ్గించారు. ఆ ఉత్తర్వులో ఈ పాడ్‌కాస్ట్ ప్రస్తావన కూడా ఉంది. దోపిడీ ప్రయత్నం కేసులో 31 ఏళ్ల నుంచి జీవితాంతం దాకా శిక్ష పడిన మనిషి, బయటకి వచ్చి అదే షోకి ఉద్యోగిగా చేరాడు. లోపల అతని సీటు ఇంకో ఖైదీకి వెళ్లింది.

షో ఇంగ్లిష్‌లో ఉంటుంది, పాడ్‌కాస్ట్ యాప్స్‌లో ఫ్రీ. యాస పట్టుబడకపోతే వాళ్ల సైట్‌లో ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఉన్నాయి. ‘సెల్లీస్’తో మొదలుపెట్టండి. ఇయర్‌బడ్స్ పెట్టుకుని మాటల వెనకున్న శబ్దాలు కూడా గమనించండి. చివర్లో అధికారి గొంతు వచ్చేదాకా స్కిప్ మాత్రం చేయకండి.