ఇంటి ముందు పచ్చికకి ఏ గడ్డి? చేలో పీకి పారేసే గరిక సంగతి ముందు చూడండి



"ఇంటి ముందు రెండు సెంట్లు ఖాళీ ఉందండి, లాన్ వేద్దామనుకుంటున్నాం, ఏ గడ్డి మంచిది?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి లాన్ ఎందుకు అని నేను అనను. ఇంట్లో పిల్లలుంటారు, సాయంత్రం పూట కూర్చోవడానికి కాస్త పచ్చిక ఉంటే బాగుంటుంది. కాకపోతే మనం వేసే గడ్డిని బట్టే బోరు మీద ఎంత భారం పడుతుందో, మందు డబ్బా మళ్లీ మన గడప తొక్కుతుందో లేదో తేలిపోతుంది.

ముందు నీళ్ల లెక్క చూడండి. సెంటు అంటే 48 గజాలు, దాదాపు 40 చదరపు మీటర్లు. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలన్నా సెంటుకి 200 లీటర్లు కావాలి. రెండు సెంట్లకి నెలకు 12,000 లీటర్లు. మే నెలలో కూరగాయ మడులకే నీళ్లు చాలని ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

అందుకే ఎండ బాగా తగిలే చోటుకి నా ఓటు గరికకే. చేలో పీకీ పీకీ విసిగిపోయిన గడ్డినే ఇంటి ముందు పెట్టమంటారా అని నవ్వుతారు కొందరు. పీకినా చావని ఆ గుణమే ఇక్కడ మనకి లాభం. తడి లేకపోతే ఎండిపోయినట్టు పడుకుంటుంది, నాలుగు చినుకులు పడితే కణుపుల నుంచి మళ్లీ లేస్తుంది. పిల్లలు ఆడినా తట్టుకుంటుంది. కోసిన గడ్డి ఆవు తింటుంది, వినాయక చవితికి పత్రిలోకీ పనికొస్తుంది. దీనికి కలుపు మందు కొడితే ఈ రెండూ పోయినట్టే. గరికకి ఉన్న లోపం ఒక్కటే, నీడ పడదు. మామిడి చెట్టు కింద వేస్తే పలచబడి నేల కనిపిస్తుంది.

నర్సరీల్లో ఎక్కువగా అమ్మేది కొరియన్ గడ్డి. చూడ్డానికి పట్టు తివాచీలా ఉంటుంది, కోత కూడా తక్కువే. కానీ చాలా నిదానంగా పాకుతుంది. అది అల్లుకునేలోపు సందుల్లో కలుపు లేస్తుంటే కూర్చుని చేత్తో ఏరాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లు చిన్న జాగాలో వేసుకోండి.

పాక్షిక నీడ ఉంటే వెడల్పాకు కార్పెట్ గ్రాస్ నడుస్తుంది, కానీ దానికి తడి ఎప్పుడూ ఉండాలి. చిక్కటి నీడలో అసలు గడ్డే వద్దు, ఎండుటాకులతో ఆచ్ఛాదన వేసేయండి. సముద్రం వైపు ఉప్పునీళ్లు ఉన్నవాళ్లకి పాస్పాలం నయం. గోల్ఫ్ మైదానాల్లో వేసే టిఫ్‌వే, టిఫ్‌డ్వార్ఫ్ కూడా గరిక సంతతే. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో పుట్టినవి. వాటికి విత్తనం రాదు, తీగలే నాటాలి. పైగా మాటిమాటికీ కోయాలి, నత్రజని బాగా అడుగుతాయి. ఇంటికి అవసరం లేదండి. ఫెస్క్యూ, రై గడ్డి, బ్లూగ్రాస్ అంటూ ప్యాకెట్లు కనిపిస్తే కొనకండి, అవి చలి దేశాల గడ్డి, మన మైదానాల ఎండకు నిలవవు.

అసలు భయపడాల్సింది తుంగకి. మట్టితో సహా తెచ్చే గడ్డి పలకల్లో తుంగ గడ్డలు దాక్కుని వస్తాయి. ఒకసారి దిగితే పక్కనున్న మడుల్లోకీ పాకుతాయి, మందు కొట్టని మనకి అది ఏళ్ల తరబడి పని. పలక తిరగేసి, మట్టి విదిలించి చూశాకే డబ్బులివ్వండి. నేనైతే పలకలే వద్దంటాను. మన గట్టు మీద గరికలో సన్నగా, పొట్టిగా పాకే తీగలు ఏరి, రెండు మూడు కణుపులుండేలా తుంచి, తొలకరిలో బెత్తెడు దూరంలో నాటుకోండి. నాటేముందు నేలకి నీళ్లు పెట్టి, మొలిచిన తుంగని గడ్డతో సహా తవ్వి తీయాలి. ఇలా రెండు మూడు సార్లు చేయాలి, ఒక్కసారితో పోదు.

జీవామృతం ఎకరాకు 200 లీటర్లయితే సెంటుకి 2 లీటర్లు. పది రెట్లు నీళ్లు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తే చాలు. కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతుకి మించి తీయకండి, ఎండాకాలంలో ఇంకాస్త ఎత్తుగానే వదలండి. లాన్‌కీ కూరగాయ మడికీ మధ్య జానెడు లోతు గాడి తీసి ఉంచండి. వానాకాలంలో వారానికోసారి అటు తొంగి చూసి, గాడి దాటుతున్న తీగల్ని కొడవలితో కోసి ఆవుకి వేసేయండి.