పులి ఎత్తు, మౌస్ క్లిక్కు... ఏ యుద్ధం గొప్పది?

యుద్ధం ఆట అనగానే ఇప్పుడు చాలామందికి పబ్జీయే గుర్తొస్తుంది. కానీ అందులో ఎక్కువగా ఉన్నది తుపాకీ, గురి, వేగం. అసలైన వార్‌గేమ్ వేరు. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి, ఎవర్ని వదులుకోవాలి, ఎదుటివాడు రెండెత్తుల తర్వాత ఏం చేస్తాడు అని కూర్చుని ఆలోచించే ఆట అది. ఆ లెక్కన మా మిడుతూరు వైపు రచ్చకట్టల మీద పెద్దవాళ్లు ఆడే పులి-మేక కూడా అచ్చమైన వార్‌గేమే! పగలు కోడ్ రాసుకుంటూ, రాత్రిళ్లు కంప్యూటర్‌లో సామ్రాజ్యాలు కట్టే నాలాంటివాడికి ఈ రెండింట్లో ఏది గొప్పదన్న ప్రశ్న చాన్నాళ్లుగా ఉంది. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను.

బండ మీద గీసిన యుద్ధం

పులి-మేకకు కావాల్సిన సామానంతా ఒక సుద్దముక్క, కొన్ని గులకరాళ్లు, గుప్పెడు చింతపిక్కలు. బేతంచెర్ల నాపరాళ్లున్న నంద్యాల జిల్లాలో బోర్డుకేం కొదవ? ఇంటి ముందు అరుగే బోర్డు. పాత గుళ్ల మండపాల్లో రాతి మీద చెక్కిన గీతలు కూడా కనిపిస్తుంటాయి. ఎక్కువమంది ఆడే పద్ధతిలో పైన ఒక కొన, దాన్నుంచి కిందికి దిగే గీతలు, వాటిని కోస్తూ పోయే అడ్డగీతలు కలిపి 23 చోట్లు ఉంటాయి. పులులు 3, మేకలు 15. పక్కనున్న మేక మీదుగా పులి దూకి అవతలి ఖాళీలో పడితే ఆ మేక పోయినట్టే. మేకలు దూకలేవు, చంపలేవు. పులులు ఎటూ కదలకుండా చుట్టేయడమే వాటి గెలుపు.

చదరంగంలో ఇద్దరికీ సమానమైన సైన్యం. ఇక్కడ అలా కాదు. ఒకరికి బలం, ఇంకొకరికి సంఖ్య. 23 చోట్లలో 18 కాయలు నిలిస్తే మిగిలే ఖాళీలు 5 మాత్రమే. పులికి ఊపిరాడేది ఆ ఐదింట్లోనే. మేక వెనక మేకను నిలబెడితే పులికి దూకే చోటుండదు. ఒంటరిగా ముందుకెళ్లిన మేక మాత్రం మిగలదు. బలవంతుడిని బలహీనులు ఎలా నిలువరిస్తారన్న పాఠం ఇంత తక్కువ ఖర్చులో ఇంకెక్కడ దొరుకుతుంది?

సైనికుల గది నుంచి మన గదిలోకి

ఇలాంటి ఆటలను సైన్యం కూడా సీరియస్‌గానే తీసుకుంది. 1824లో ప్రష్యా సైనికాధికారి జార్జ్ ఫాన్ రైస్‌విట్జ్ ‘క్రీగ్‌స్పీల్’ పేరుతో మ్యాప్ మీద ఆడే యుద్ధానికి నియమాలు రాశాడు. అందులో పాచికలుంటాయి, రెండు జట్ల మధ్య ఒక అంపైర్ ఉంటాడు. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో ‘టాక్టిక్స్’ అనే ఆట తెచ్చి, మామూలు జనం ఇంట్లో ఆడుకునే బోర్డు వార్‌గేమ్‌లకు దారి వేశాడు. 1980లో ఎస్ఎస్ఐ కంపెనీ ‘కంప్యూటర్ బిస్మార్క్’ విడుదల చేసింది. బల్ల మీది యుద్ధం తెర మీదికి వచ్చేసింది. మా ఇంజినీరింగ్ హాస్టల్లో కుర్రాళ్లు లాన్ కేబుళ్లు కలిపి తెల్లవార్లూ ఆడిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ వచ్చింది 1999లో.

లెక్కల్లో కంప్యూటరే మొనగాడు

బోర్డు ఆటకు పెద్ద కష్టం లెక్కలు. 1979లో వచ్చిన ‘ది క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా’ అనే ఆట దీనికి పరాకాష్ట. పూర్తిగా ఆడాలంటే వెయ్యి గంటలకు పైనే పడుతుందని పేరు. ఇంధనం, తిండి, నీళ్లు అన్నీ కాగితం మీద ఆటగాళ్లే రాసుకోవాలి. ఇటలీ సైనికులకు పాస్తా వండుకోవడానికి అదనంగా నీళ్లివ్వాలన్న నియమం కూడా ఉంది! ఇలాంటి లెక్కలను కంప్యూటర్ చిటికెలో తేల్చేస్తుంది.

కంప్యూటర్ గెలిచే రెండో చోటు శత్రువును దాచడం. బోర్డు మీద ఎదుటివాడి కాయలన్నీ కళ్లెదుటే ఉంటాయి. నిజమైన యుద్ధంలో కొండ అవతల ఎంతమంది ఉన్నారో తెలియదు. క్రీగ్‌స్పీల్‌లో ఆ మసక తేవడానికి అంపైర్ ఉండాల్సిందే. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మన మనుషులు నడిచిన మేరకే మ్యాప్ తెరుచుకుంటుంది, మిగతాదంతా చీకటే. పైగా అర్ధరాత్రి ఆడాలనిపిస్తే తోడు కోసం ఎవర్నీ నిద్ర లేపక్కర్లేదు.

నియమం ఎవరి చేతిలో?

మరి బోర్డు ఎక్కడ గెలుస్తుంది? నియమం దగ్గర. బోర్డు ఆటలో నియమాలను నడిపేది ఆటగాళ్లే. ఈ దెబ్బకు ఇంత నష్టం ఎందుకు, ఈ కొండ మీద నడక ఎందుకు నెమ్మదించింది అన్నవి తెలియకపోతే ఆట ముందుకు కదలదు. కంప్యూటర్ ఆటలో అవన్నీ కోడ్ లోపలే ఉండిపోతాయి. మనకు ఫలితం మాత్రమే కనిపిస్తుంది. ఓడిపోయినా ఎందుకు ఓడామో తెలియకుండానే ‘రీస్టార్ట్’ నొక్కేస్తాం.

మనుషుల చేతిలో నియమం ఉంటే ప్రమాదమూ లేకపోలేదు. 1942లో మిడ్వే దాడికి ముందు జపాన్ నౌకాదళం బల్ల మీద ఆ యుద్ధాన్ని ఆడి చూసుకుంది. పాచికల లెక్క ప్రకారం రెండు విమానవాహక నౌకలు మునిగిపోయాయి. అంపైర్‌గా ఉన్న అడ్మిరల్ ఉగాకి తగిలిన బాంబుల సంఖ్యను తగ్గించేసి, ఒకటే మునిగిందని తేల్చాడని ఆ యుద్ధంలో ఉన్న జపాన్ అధికారులే తర్వాత రాశారు. ఆ జూన్‌లో జరిగిన అసలు యుద్ధంలో జపాన్ నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకుంది. కంప్యూటరైతే పెద్ద అధికారి మొహం చూసి లెక్క మార్చదు. కానీ దాని లెక్కే తప్పయితే బల్ల చుట్టూ కూర్చుని ‘ఇదేం న్యాయం?’ అని అడిగేవాళ్లూ ఉండరు.

ఏ ఊరి పులి?

సరదాగా నేనూ పులి-మేకకు ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. లెక్కగా చూస్తే అదేమంత పెద్ద ఆట కాదు. 3 పులులు, 15 మేకలు 23 చోట్లలో నిలబడే తీరులు 2,74,57,584. మనిషికి అది సముద్రం. ఇప్పటి ఫోన్‌కు కాసేపటి పని. నేపాల్ వాళ్ల బాగ్‌చాల్ మన ఆటకు దగ్గరి చుట్టమే, అందులో 4 పులులు, 20 మేకలు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే అది డ్రా అని పరిశోధకులు కంప్యూటర్‌తో ఇప్పటికే తేల్చేశారు.

కోడ్ కంటే కష్టమైంది నియమాలు రాబట్టడం. ఒకరు మూడు పులులంటారు, ఇంకొకరు నాలుగంటారు. మేకలన్నీ దిగేదాకా పులి చంపకూడదని ఒక మాట, మొదటి మేక నుంచే చంపొచ్చని ఇంకో మాట. రచ్చకట్ట మీద ఇది సమస్యే కాదు. ‘మా ఊళ్లో ఇట్లనే ఆడతాం, నువ్వు ఎట్లాడతావో ముందే చెప్పప్పా’ అని అక్కడికక్కడే తేల్చేసుకుంటారు. కంప్యూటర్‌కు మాత్రం ఒక్కటే సమాధానం కావాలి. ఎవరో ఒకరు యాప్‌లో పెట్టిన పద్ధతే రేపు అందరికీ ‘అసలైన పులి-మేక’ అయిపోతుంది. మిగతా ఊళ్ల పద్ధతులు ఆడేవాళ్లతోపాటే వెళ్లిపోతాయి. అందుకే నా ప్రోగ్రాంలో పులుల సంఖ్య, చంపే నియమం ఆటగాళ్లే ఎంచుకునేలా పెట్టాను.

ఏది గొప్పదంటే నా జవాబు ఇది. లెక్కలు, దాగిన శత్రువు, ఒంటరి రాత్రి ఉంటే కంప్యూటర్. యుద్ధం ఎలా నడుస్తుందో అర్థం కావాలన్నా, ఎదుటి మనిషి కళ్లలో ఎత్తు చదవాలన్నా బోర్డు. కంప్యూటర్ ఆటలను కాపాడటానికి పెద్ద కంపెనీలున్నాయి. పులి-మేకకు ఉన్నది ఊళ్లో పెద్దవాళ్లే. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు వాళ్లతో ఒక ఆట ఆడండి. మీ ఊరి నియమాలేంటో అడిగి, ఫోన్‌లోనే రాసి పెట్టుకోండి.