జోడేఘాట్ పోరు: అడిగి తెలుసుకున్న చరిత్ర

రెబ్బెన దగ్గర హైవే దిగి గోలేటి దారి పట్టగానే బొగ్గు ఎదురవుతుంది. రోడ్డు అంచున మట్టి నల్లగా ఉంటుంది, టిప్పర్లు వెళ్లిన కాసేపటిదాకా గాలి కూడా నల్లగానే ఉంటుంది. సింగరేణి వాళ్లు బెల్లంపల్లి ఏరియా అని పిలిచే ప్రాంతానికి జీఎం ఆఫీసు ఉన్నది బెల్లంపల్లిలో కాదు, ఇక్కడే. చుట్టూ వరుస క్వార్టర్లు, షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, ఎక్కబోయేవాళ్లు. కొంచెం అవతల ఖైరిగూడ ఓపెన్‌కాస్ట్ గని. ఇక్కడ తవ్వుతున్న బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల కిందటి అడవి. అది పరుచుకున్న రాతిపొరలను భూగర్భ శాస్త్రవేత్తలు గోండ్వానా పొరలంటారు. ఈ అడవుల్లో ఉండే గోండుల పేరే ఆ రాళ్లకు వచ్చింది, దక్షిణార్ధగోళంలో ఒకప్పుడు కలిసి ఉన్న మహాఖండానికీ అదే పేరు స్థిరపడింది.

గోలేటికి పడమర తిర్యాణి గుట్టలు, వాటి వెనుక కెరమెరి ఘాటు. ఆ గుట్టల మధ్య 1940లో ఒక యుద్ధం జరిగింది. ఒక పక్క నిజాం ప్రభుత్వ పోలీసు బలగం, ఇంకో పక్క పన్నెండు గోండు గూడేల జనం. ఆ యుద్ధ నాయకుడి పేరుతోనే 2016 అక్టోబరు 11 నుంచి ఈ జిల్లా ఉంది. టౌన్‌షిప్‌లో పుట్టిన పిల్లలకు ఆధార్ కార్డు మీది చిరునామాలోనే కుమురం భీం పేరు ఉంటుంది. ఆ పోరు గురించి మనకు తెలిసినదంతా ఎలా తెలిసింది, ఎవరు ఎవరిని అడిగితే తెలిసింది? ఆ ప్రశ్న పట్టుకుని గోలేటి నుంచి గుట్టలెక్కితే దారిలో రకరకాల చరిత్రకారులు తగులుతారు. వాళ్లలో కొందరికి కలం పట్టడం తెలియదు.

ముందు జరిగింది క్లుప్తంగా. భీము 1901లో ఆసిఫాబాద్ దగ్గర సంకెపల్లిలో పుట్టాడంటారు. అవి నిజాం సర్కారు అడవులకు గీతలు గీసి, గీత లోపలి పోడును నేరంగా చూసిన రోజులు. పశువును మేపితే పన్ను, కట్టె కొడితే జుల్మానా. 1920ల చివర కాజీపేట-బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక బయటి రైతులు, వ్యాపారులు ఇంకా వేగంగా వచ్చి చేరారు. పట్టా కాగితం చూపినవాడిదే భూమి అయింది. దున్నినవాడి దగ్గర కాగితం లేదు. పంట తనదని వచ్చిన సిద్దిఖ్ అనే ఆసామి భీము చేతిలో చనిపోయాడు. భీము చాందాకు (ఇప్పటి చంద్రపూర్‌కు) పారిపోయి విఠోబా అనే అచ్చాపీసు యజమాని దగ్గర పనికి కుదిరి చదవడం, రాయడం నేర్చుకున్నాడు. అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయి, కొన్నేళ్లకు తిరిగొచ్చాడు. బాబేఝరి, జోడేఘాట్, పట్నాపూర్, టోకెన్‌మోవాడ్, శివగూడ, లైన్‌పటార్ వంటి పన్నెండు గూడేలను కలిపి, ఈ భూమి మాదే, ఈ అడవి మాదే అని నిలబడ్డాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట ఆ పోరు నుంచే మనదాకా వచ్చిందని చెబుతారు. జంగ్లాత్ వాళ్లు, అంటే అటవీశాఖ సిబ్బంది, గుడిసెలు తగలబెట్టారు, రాయబారాలు ఫలించలేదు. చివరికి జోడేఘాట్ గుట్ట మీద పోలీసులు కాల్పులు జరిపి భీమునూ, ఆయన సహచరులు పలువురినీ చంపేశారు.

ఎప్పుడు అని అడిగితే మాత్రం ఒక్క జవాబు రాదు. పుస్తకాల్లో, పత్రికల్లో సెప్టెంబరు 1 అని కొందరు రాశారు, అక్టోబరు 8 అని మరికొందరు. గోండులు ఇంగ్లిషు తేదీనే పట్టించుకోరు. ఆశ్వయుజ పౌర్ణమి రోజే భీము వర్ధంతి చేస్తారు. ప్రభుత్వం కూడా ఏటా ఆ తిథినే పాటిస్తుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడొచ్చు. 1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం వచ్చిందంటే ఆ రోజు అమావాస్య. కాబట్టి ఆ ఏడు ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 16 ప్రాంతంలో పడింది. అక్టోబరు 8 రాత్రి ఆకాశంలో ఉన్నది సగం చంద్రుడే. సెప్టెంబరు 1 అయితే అమావాస్య ముంగిట, వెన్నెల ఊసే లేని రాత్రి. నిండు వెన్నెలలో పోలీసులు గుట్టెక్కారని గూడెం చెప్పుకొనే కథ నిజమైతే రాసిన తేదీలు రెండూ నిలవవు. తేదీలు నిలిస్తే వెన్నెల నిలవదు. నాకైతే గూడెం జ్ఞాపకం వైపే మొగ్గు. చదువు రాని సమాజం తేదీ మరచిపోవచ్చు గానీ, ఇంటి మనిషి పోయిన రాత్రి చంద్రుడున్నాడో లేదో మరచిపోవడం కష్టం. అయినా పాత కాగితాలతో సరిచూడనిదే తీర్పు చెప్పలేం.

గోండులకు వాళ్ల సొంత చరిత్రకారులున్నారు. వాళ్లు ప్రధాన్లు. ఒక్కో ప్రధాన్ కుటుంబానికి తరతరాలుగా కొన్ని గోండు ఇళ్లు కట్టుబడి ఉంటాయి. కులదైవమైన పెర్సపేన్ కొలుపుకో, చావు కర్మకో పిలుపు వస్తే ప్రధాన్ కిక్రీ పట్టుకుని వస్తాడు. అది మూడు తీగల వాయిద్యం, గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. తోడుగా పెప్రె అనే ఊదే వాయిద్యం, డోలు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు, అంటే గోత్ర శాఖలు, ఎలా విడిపోయాయి, ఏ ఇంటిపేరు ఏ సగలోకి వస్తుంది, ఏ పూర్వీకుడు ఎవరితో యుద్ధం చేశాడు అన్నదంతా రాత్రంతా పాడతాడు. చాందా గోండు రాజుల కథలూ ఈ నేల మీద ఇంకా వినిపిస్తాయి. కుష్ఠు లాంటి పుండ్లతో బాధపడిన ఖాండ్‌క్యా బల్లాల్ షా ఝర్‌పట్ వాగు నీళ్లతో బాగుపడ్డాడని, అక్కడ ఒక కుందేలు వేటకుక్కను తరమడం చూసి ఆ పౌరుషపు నేల మీదే చాందా కోట కట్టించాడని చెబుతారు. ఆ వంశం పాలన 1751లో నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. చరిత్ర విద్యార్థికి తేదీ కావాలి, ప్రధాన్‌కు వరుస కావాలి. ఎవరి తర్వాత ఎవరు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నది తప్పితే వినేవాళ్లు ఊరుకోరు. పక్కనే కూర్చున్న పెద్దలు అక్కడికక్కడే సరిదిద్దుతారు. విశ్వవిద్యాలయంలో పరిశోధన వ్యాసానికి జరిగే పరీక్ష ఇంతకంటే కఠినంగా ఉంటుందని నేననుకోను.

ఈ పాటలను శ్రద్ధగా కాగితం మీద పెట్టిన ఒకరిని ఇక్కడికి చేర్చింది మరో యుద్ధం. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన ఇండియాలో ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశీయుడు. హైదరాబాద్ సంస్థానం దాటకుండా ఉండాలన్న కట్టడి మీద పని చేసుకోనిచ్చారు. నల్లమల చెంచులను, గోదావరి కొండరెడ్లను చూసి, జోడేఘాట్ కాల్పుల తర్వాత ఆదిలాబాద్ గుట్టలకు వచ్చాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వమూ కోరింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండీ నేర్చుకున్నారు.

ఆయన రాసినవి చదివితే తెలిసేది ఒకటే: జనం చెప్పింది ఆయన విన్నాడు. గోండులు అడిగినది దున్నుకుంటున్న నేలకు కాగితం, అది ఇచ్చి ఉంటే తుపాకి పేలే పనే లేదని రాశాడు. ఆయన నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. గోండుల మీద రాసిన పెద్ద గ్రంథం 1948లో వెలువడింది. అంతకంటే ముఖ్యం, ఆ మాటల వల్ల నేల మీద కొంత మారింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేసే బడి మొదలైంది. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఆదిలాబాద్ జిల్లాలో లక్ష ఎకరాలకు పైగా ఆదివాసుల పేరిట పట్టాలయ్యాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి జనం ఫిర్యాదులు వినే దర్బారు కూడా 1940లలోనే మొదలై ఇప్పటికీ సాగుతోంది. అయినా ఒక మాట చెప్పాలి. ఆయన ప్రభుత్వం అనుమతితో వచ్చినవాడు, తర్వాత ప్రభుత్వ సలహాదారు. కాల్పుల భయం ఇంకా పోని గూడెంలో అలాంటి మనిషికి ఎవరు ఎంత చెప్పి ఉంటారు?

ఆ ఖాళీని నలభై ఏళ్ల తర్వాత ఇద్దరు రచయితలు పూరించే ప్రయత్నం చేశారు. ఒకరు సాహు. ఇంకొకరు అల్లం రాజయ్య, ఈ బొగ్గు బెల్టు బతుకునూ, రైతు పోరాటాలనూ కథలుగా, నవలలుగా మలిచిన మనిషి. ఆ గూడేలు తిరిగి, భీముతో కలిసి నడిచి బతికి ఉన్న ముసలివాళ్లను అడిగి, 'కొమురం భీం' నవల రాశారు. భీము సహచరుడు కుమ్రం సూరు వంటి వాళ్లు అప్పటికి ఇంకా ఉన్నారు. నవల కాబట్టి అందులో ఊహ ఉంటుంది. అయినా తెలుగు పాఠకుల్లో ఎక్కువమందికి తెలిసిన భీము ఆ పుస్తకం ఇచ్చిన భీమే. అస్సాం ప్రయాణం, విఠోబా అచ్చాపీసు, నమ్మకద్రోహం చేసిన కుర్దు పటేల్, ఇవన్నీ ఇళ్లల్లోకి వచ్చింది ఎక్కువగా ఆ దారినే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద మళ్లీ పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం, అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు చెప్పిన కాలం అది. ఆ వేడిలో జోడేఘాట్ గురించి అడిగిన ప్రశ్నలకు హైమన్‌డార్ఫ్‌కు దొరకని జవాబులు దొరికి ఉంటాయని నమ్ముతాను.

గుట్టల్లో చరిత్ర అంతా నోటిమాటే అనుకుంటే నార్నూర్ మండలం గుంజాల ఆశ్చర్యపరుస్తుంది. ఆ ఊళ్లో దొరికిన రాతప్రతులు తెలుగులోనూ, దేవనాగరిలోనూ లేవు. గోండీకి సొంత లిపి. చదవగలిగిన వృద్ధులు కొద్దిమందే మిగిలి ఉండగా ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాళ్ల పక్కన కూర్చుని అక్షరాలను గుర్తించింది. రాతప్రతుల్లో పాతవి 1750 ప్రాంతానివని అంచనా. చాందా రాజుల సంగతులూ, బ్రిటిష్ వాళ్ల మీద గోండుల తిరుగుబాటు ప్రస్తావనా వాటిలో ఉన్నాయి. 1860లో నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నవాళ్లను మర్రిచెట్టుకు ఉరితీసిన ఘటన జనం నోట వెయ్యి ఉరుల మర్రిగా నిలిచింది. అలాంటి ఘటనలను గోండులే రాసుకున్న కాగితంతో పోల్చి చూసే వీలు ఇప్పుడు కలిగింది. ఈ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఫోనులో గోండీ అక్షరం టైపు చేయొచ్చు.

చూడాలనుకునేవాళ్లకు దారి సులువే. కాజీపేట-బల్లార్షా మార్గంలో ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ రెబ్బెనలోనే ఉంది. అక్కడి నుంచి గోలేటికి ఆటోలు దొరుకుతాయి, ఆసిఫాబాద్ ఊరు సుమారు 20 కిలోమీటర్లు. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాటెక్కి హట్టి మీదుగా జోడేఘాట్. అక్కడ భీము స్మారకం, 2016లో తెరిచిన గిరిజన మ్యూజియం ఉన్నాయి. హట్టి దాటాక హోటళ్లు ఉండవు, నీళ్లు, తిండి వెంట ఉంచుకోవాలి. వానాకాలంలో వాగుల సంగతి కెరమెరిలోనే వాకబు చేసుకోవాలి. జైనూర్ వైపు వెళ్తే మార్లవాయి వస్తుంది. 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టీ సమాధి అక్కడ ఉంది. 1995లో లండన్‌లో చనిపోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆ పక్కనే ఉంచారు. గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ తెచ్చి 2024లో వెళ్లిపోయిన కనకరాజుదీ ఆ ఊరే. ఆశ్వయుజ పౌర్ణమికి వెళ్తే జోడేఘాట్‌లో వర్ధంతి జనం, దీపావళి ముందు రోజుల్లో వెళ్తే ఊరూరా దండారీ పండుగ. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ జాతర. ప్రధాన్ల పాట వినాలంటే కొలుపుల కాలంలో రావాలి, ముందుగా ఊరి పటేల్‌ను కలిసి అనుమతి అడగాలి. పాట మధ్యలో ఆపి ప్రశ్న వేయకూడదు. తెల్లవారాక, కిక్రీ పక్కన పెట్టాక అడిగితే ఓపికగా చెబుతారు.