నలుబదేండ్ల మారుమనస్సు

మారుమనస్సు మెరుపువలె క్షణములో కలిగి ముగియునని తలచువారు జాన్ న్యూటన్ చరిత్రను చూడవలెను. 1748 మార్చిలో అట్లాంటిక్ సముద్రమున ఘోరమైన తుపానులో చిక్కి, ఆ ఆంగ్ల నావికుడు దేవునికి మొరపెట్టుకొనెను. నాటితో దూషణ మానెను, ప్రార్థన అలవరచుకొనెను. కాని వ్యాపారము మానలేదు! 1750 నుండి 1754 వరకు ఆఫ్రికా బానిసలను మోయు ఓడలకు కెప్టెనై మూడుసార్లు పయనించెను. పైన నావికులకు ఆరాధన జరిపించుచుండగా, క్రింద సంకెళ్లలో మనుష్యులు మూలుగుచుండిరి. దీనిని కపటమని త్రోసిపుచ్చుట సులభము, అంధత్వమనుటయే న్యాయము. తుదకు అతనిని ఓడ దింపినదియు అంతరాత్మ కాదు, అనారోగ్యము. 1764లో ఆంగ్లికన్ గురువయ్యెను. ఆ వ్యాపారమును ఖండించుచు, అందు తన పాలును ఒప్పుకొనుచు చిన్న పుస్తకము ప్రకటించినది మాత్రము 1788లోనే. తుపాను వెలసి అప్పటికి నలుబదేండ్లు. 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిస వ్యాపారమును నిషేధించునాటికి ఆ వృద్ధుడు ఇంకను జీవించియే యుండెను.