కాలు లావెక్కక ముందే!

నొప్పి ఉండదు, జ్వరం రాదు. మనిషి ఎప్పటిలాగే తిరుగుతుంటాడు. ఒంట్లో మాత్రం పురుగులు కాపురం పెట్టి పిల్లల్ని కంటుంటాయి. కాలు వాచి బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. అదే బోదకాలు... ముందుగా కనిపెడితే మాత్రలతో అదుపులోకి వచ్చేది, ఆలస్యమైతే జీవితాంతం మోయాల్సింది!

ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి మాత్రలు చేతిలో పెడుతుంది. 'మాకేం జబ్బని మింగాలి?' అంటారు ఇంట్లోవాళ్లు. ఆమె వీధి మలుపు తిరగ్గానే ఆ మాత్రలు గూట్లోకో చెత్తబుట్టలోకో చేరతాయి. కోస్తా జిల్లాల్లోనూ, నల్గొండ, కరీంనగర్ ప్రాంతాల్లోనూ తరతరాలుగా జనాన్ని కుంటిస్తున్న బోదకాలు ఇంకా పోకపోవడానికి ఒక కారణం అదే.

ఎలా వస్తుంది?
బోదకాలుకు కారణం ఉచరేరియా బాంక్రాఫ్టి అనే సన్నటి దారంలాంటి పురుగు. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుంది. ఒంట్లో నీటిని, వ్యర్థాలను తిరిగి రక్తంలోకి చేర్చే లింఫు నాళాల్లో ఇది మకాం వేస్తుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతూ లక్షల్లో పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. వీటినే మైక్రోఫైలేరియా అంటారు. రక్తంలో ఇవి ఉంటాయని 1872లో కోల్‌కతాలో తిమోతీ లూయిస్ అనే వైద్యుడు గుర్తిస్తే, దోమలోకి వెళ్లి పెరుగుతాయని 1877లో చైనాలో ప్యాట్రిక్ మాన్సన్ చూపించాడు.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ రోగిని కుట్టినప్పుడు ఈ పిల్లల్ని కూడా పీల్చుకుంటుంది. దోమ ఒంట్లో పది, పన్నెండు రోజుల్లో అవి ముదురుతాయి. ఆ దోమ మరొకరిని కుట్టినప్పుడు చర్మం మీదికి జారి, కుట్టిన రంధ్రంలోంచి లోపలికి దూరతాయి. ఒక్క కాటుకే జబ్బు రాదు... నెలల తరబడి, ఏళ్ల తరబడి అలాంటి దోమలు కుడుతూ ఉంటేనే వస్తుంది. చాలామందికి చిన్నతనంలోనే సోకి, పెద్దయ్యాక బయటపడుతుంది.

ఎలా గుర్తించాలి?
తరచూ చలిజ్వరం రావడం, గజ్జల్లోనో చంకల్లోనో బిళ్లలు కట్టడం, కాలి మీదుగా ఎర్రటి చారలాగా వచ్చి సలపడం... ఇవి తొలి హెచ్చరికలు. కొందరికి సాయంత్రానికి పాదం వాచి, తెల్లారేసరికి తీసిపోతుంది. పొద్దున తగ్గింది కదా అని ఊరుకుంటారు. కొన్నాళ్లకు ఆ వాపు తగ్గడం మానేస్తుంది. చర్మం మందమై, మడతలు పడి ఏనుగు కాలిలా తయారవుతుంది. మగవాళ్లలో బుడ్డ దిగడం కాలి వాపుకన్నా ఎక్కువ. సిగ్గుతో దాచుకుంటారు కాబట్టి చాలావరకు లెక్కకే రాదు.

రాత్రిళ్లు ఆగకుండా వచ్చే పొడి దగ్గు, పిల్లికూతలు కూడా కొందరిలో ఫైలేరియా వల్లే వస్తాయి. దీన్ని ఆస్తమా అనుకుని ఏళ్లకేళ్లు మందులు వాడినవాళ్లున్నారు. రక్తంలో ఇసనోఫిల్స్ విపరీతంగా పెరిగితే వైద్యులు దీన్నీ అనుమానిస్తారు.

రాత్రిపూటే పరీక్ష ఎందుకు?
ఈ పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. దోమలు కుట్టే వేళకు, అంటే రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య, ఒంటిపై రక్తనాళాల్లోకి వస్తాయి. అందుకే సిబ్బంది రాత్రివేళ వచ్చి వేలి కొన నుంచి రక్తం తీసుకునేవారు. ఇప్పుడు పెద్ద పురుగు విడుదల చేసే పదార్థాన్ని పసిగట్టే పట్టీలు వచ్చాయి. వాటితో పగలైనా సరే, పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అయితే కాలు బాగా వాచినవారిలో పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు. అప్పుడు పరీక్షలో ఏమీ కనబడదు... కాలిని చూసే వైద్యులు చెప్పాలి.

మన భీమవరం బిడ్డ మందు
దీనికి వాడే ముఖ్యమైన మందు డీఈసీ. దాని వెనక ఉన్నది తెలుగువాడే! 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు తర్వాత అమెరికా వెళ్లారు. ఆయన పరిశోధన విభాగాన్ని నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో 1947లో ఈ మందు బయటికొచ్చింది. బోదకాలుకు పేరుమోసిన గోదావరి సీమలో పుట్టిన ఆయన మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో కన్నుమూశారు. ఆయన బృందం కనుక్కున్న మాత్ర మాత్రం ఇంటింటికీ వచ్చింది.

రక్తంలో పురుగు పిల్లలు ఉన్నవారికి మామూలుగా పన్నెండు రోజులపాటు డీఈసీ ఇస్తారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి వైద్యుల సలహాతోనే వాడాలి. బుడ్డకు ఆపరేషనే మార్గం. బాగా వాచిన కాలు మందులతో మామూలు కాదు. అలాగని చేతులెత్తేయక్కర్లేదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా మెత్తటి గుడ్డతో తుడవాలి. ఒరుసుకుపోయిన చోట, పుండున్న చోట మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. సరైన చెప్పులు వేసుకోవాలి. పదేపదే వచ్చే జ్వరాలకు, వాపు పెరగడానికి చర్మం పగుళ్లలోంచి దూరే సూక్ష్మక్రిములే ముఖ్య కారణం. వాటిని ఆపితే సగం గెలిచినట్టే!

జబ్బు లేకున్నా మాత్రలెందుకు?
కాలు వాచని మనిషి రక్తంలోనూ వేలల్లో పురుగు పిల్లలు ఉండొచ్చు. ఆయనకు తెలియకుండానే ఇంట్లోవాళ్లకూ పక్కింటివాళ్లకూ దోమ ద్వారా అంటుకుంటుంది. అందుకే 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో అందరికీ మాత్రలిచ్చే కార్యక్రమం మొదలైంది. తర్వాత డీఈసీకి ఆల్బెండజోల్ తోడైంది. కొన్ని జిల్లాల్లో 2018 నుంచి ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులు ఇస్తున్నారు. జనాభాలో కనీసం 65 శాతం మంది ఏటా మింగితేనే దోమకు పురుగు దొరకని పరిస్థితి వస్తుంది.

రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు తప్ప మిగతావారు మింగొచ్చు. పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాకే. కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి, వికారం రావొచ్చు. రక్తంలోని పురుగులు చస్తున్నప్పుడు అలా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. 'మాత్ర వల్లే జబ్బు చేసింది' అనుకునేవారు గుర్తుంచుకోవాల్సింది అదే... లోపల పురుగున్నట్టే లెక్క!

శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ప్రజారోగ్య సమస్యగా ఈ జబ్బును వదిలించుకున్నాయి. మన దేశం 2027ను గడువుగా పెట్టుకుంది. మాత్రలు ఆపేశాక ఆరేడేళ్ల పిల్లల రక్తం పరీక్షించి, వాళ్లకు పురుగు సోకలేదని తేలితేనే ఊరు గట్టెక్కినట్టు. ఆ పరీక్షలో పిల్లలు నెగ్గాలంటే, గూట్లో పడేసిన మాత్ర పెద్దవాళ్లు మింగాలి.