దీపం ఎందుకు ఆరలేదు?

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి విద్యుత్తుతో పనేమిటని మీరు అడగవచ్చు. మొన్న మొన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను. మా అమ్మాయి డిప్లొమాలో ఎలక్ట్రానిక్సు తీసుకుంది. మొదటి సంవత్సరం. మిద్దె మీది టాంకు నిండగానే ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ హెచ్చరించే పరికరమొకటి చేస్తానని బయలుదేరింది. ఇద్దరం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి సామాను కొనుక్కొచ్చాం. మొదటిరోజు 555 ఐ.సి.కి బాటరీ తలకిందులుగా తగిలించింది. అది వేలు పెట్టలేనంత వేడెక్కి ఊరుకుంది. రెండోరోజు మధ్యన రెసిస్టరు లేకుండా ఎల్.ఇ.డి.ని తొమ్మిది వోల్టుల బాటరీకి కలిపింది. అది ఒక్కసారి మెరిసి కన్నుమూసింది.

పోయిన సామాను ఖరీదు లెక్కలోది కాదు. కాని ఆ రాత్రి కంచం ముందు కూచుని, "నాన్నా, ఈ చదువు నాకు రాదు. నేనూ నీలాగే తెలుగు చదువుకుంటాను" అంది. మా ఆవిడ నా వంక చూసి నవ్వు ఆపుకుంది. ఓడిపోయినవాళ్ళు తలదాచుకునే సత్రమా నా శాస్త్రం! మనసు చివుక్కుమంది సుమండీ.

మర్నాడు మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడితో గోడు వెళ్ళబోసుకున్నాను. "కాల్చుకునేదేదో కంప్యూటరులో కాల్చుకోమనండి మాస్టారూ" అని మూడు పేర్లు కాగితం మీద రాసిచ్చాడు.

మొదటిది టింకర్‌కాడ్. ఇది పిల్లలకని చేసినట్టే ఉంటుంది. బ్రెడ్‌బోర్డూ, తీగలూ, బాటరీ అన్నీ బొమ్మల్లో కనిపిస్తాయి. రెసిస్టరు లేకుండా ఎల్.ఇ.డి. పెడితే బొమ్మలో పేలినట్టు చూపిస్తుంది. మా అమ్మాయి కావాలనే నాలుగు పేల్చింది. రెండోది ఫాల్‌స్టాడ్ సిమ్యులేటరు. బ్రౌజరు తెరిస్తే చాలు, దించుకోనక్కరలేదు. తీగల వెంట పసుపుపచ్చ చుక్కలు చీమల బారులాగా నడుస్తాయి. అదే కరెంటు. "కరెంటు ప్రవహించు" అన్న మాటకు అర్థం నాకు నలభై అయిదో ఏట బోధపడింది!

మూడోది ఎల్‌టి‌స్పైస్. ఉచితమే. ఇందులో బొమ్మలూ పేలుళ్ళూ ఉండవు, గీతలూ అంకెలే. దీని పూర్వీకుడు స్పైస్ అనేది అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టి 1973లో లోకానికి తెలిసింది. లారెన్స్ నేగెల్ అనే శిష్యుడు, డొనాల్డ్ పెడర్సన్ అనే గురువు. దాన్ని దాచుకోకుండా పంచిపెట్టారు గనకనే ఇన్ని సంతానాలయ్యాయి.

అసలు కథ ఇక్కడే జరిగింది. అమ్మాయి 555 పెట్టి, 10 కిలోఓముల రెసిస్టరొకటి, 1 మెగాఓముదొకటి, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు చేర్చింది. 1.44ని, మొదటి రెసిస్టరుకు రెండో దాని రెట్టింపు కలిపి కెపాసిటరుతో హెచ్చవేసినదానితో భాగిస్తే సెకనుకెన్నిసార్లో వస్తుందట. అంటే ఒక్కొక్క మిణుకుకు 1.4 సెకన్లు. తీరా నడిపితే పది సెకన్ల గీత మిణుకులుగా కాక, తెర నిండా పచ్చని పట్టీలా వచ్చింది! దీపం పెట్టివుంటే ఆరినట్టే కనపడదు. రెండు గంటలు తీగలు మార్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశావా, కంప్యూటరులో కూడా నాకు రావడం లేదు" అంది.

నాకు సర్క్యూటు తెలియదు. సూత్రాలు చదవడం మాత్రం అలవాటు. ఆ సాఫ్ట్‌వేరుతో వచ్చిన సహాయపుటలు వ్యాకరణం చదివినట్టు మొదటినుంచి చదివాను. ఒకచోట దొరికింది. మెగా అనుకుని అమ్మాయి పెద్ద 'ఎం' రాసింది. స్పైస్‌కు పెద్ద ఎం, చిన్న ఎం ఒకటే, రెండూ మిల్లీయే! మెగా కావాలంటే 'మెగ్' అని మూడక్షరాలు రాయాలి. పది లక్షల ఓములు కావలసిన చోట ఓములో వెయ్యో వంతు వచ్చి కూచుంది. తేడా నూరు కోట్ల రెట్లు. పంచ్ కార్డుల కాలంలో పుట్టినది కాబట్టి పెద్దచిన్న అక్షరాల పట్టింపు దానికి లేదు. అల్పప్రాణానికీ మహాప్రాణానికీ తేడా ఎరగని శిష్యులను ఇరవై ఏళ్ళుగా దిద్దుతున్నవాణ్ణి, ఇలాంటివి నా కంట పడకుండా పోతాయా?

'మెగ్' అని దిద్దింది. గీత మెట్లు మెట్లుగా, హాయిగా వచ్చింది. "నాన్నా!" అని అరిచిన అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

మీ పిల్లలు కొత్తవాళ్ళయితే టింకర్‌కాడ్‌తోనో ఫాల్‌స్టాడ్‌తోనో మొదలుపెట్టించండి. స్పైస్ దగ్గరికి తరవాత వెళ్ళవచ్చు. దానికి గ్రౌండు గుర్తు పెట్టడం మరిచినా కోపమే. పైగా దాని బాటరీ ఎంత కరెంటు అడిగితే అంత ఇస్తుంది, ఎల్.ఇ.డి. ఎన్నటికీ మాడదు. అంకె చూసి మనమే భయపడాలి.

నిన్న అసలు బోర్డు మీద కట్టింది. రెసిస్టరు పెట్టింది, బాటరీ కొసలు రెండుసార్లు చూసుకుంది. దీపం మిణుకుమంది. గడియారం పట్టుకుని పది మిణుకులు లెక్కపెడితే పద్నాలుగు సెకన్లకు బదులు పదహారు పట్టింది. నేను కంగారుపడ్డాను. "ఈ రకం కెపాసిటరు మీద రాసిన విలువకు నూటికి ఇరవై అటూ ఇటూ ఉండవచ్చు నాన్నా, కంప్యూటరుకు ఆ సంగతి మనం చెప్పలేదు" అని నాకే పాఠం చెప్పింది.

ఆదివారం దాన్ని టాంకుకు బిగించాలి. నిచ్చెన పట్టుకోవడం నా వంతట.